వద్దని చెప్పగలిగే డేకేర్: అంటువ్యాధుల నివారణ కోణంలో ఒక సమీక్ష

కుక్కల కోసం డేకేర్ లేదా బోర్డింగ్ కేంద్రాన్ని వెతికేవారు సాధారణంగా ఆడుకునే స్థలం ఎంత విశాలంగా ఉంది, పడకలు ఎంత మెత్తగా ఉన్నాయి, రోజుకు ఎన్ని ఫొటోలు పంపుతారు అన్నవే చూస్తారు. ఈ సమీక్షలో వాటి ప్రస్తావన దాదాపుగా ఉండదు. మా కుక్కను పగటిపూట డేకేర్‌లోనూ, మేము ఊళ్ళో లేనప్పుడు బోర్డింగ్‌లోనూ ఉంచే కేంద్రాన్ని నేను ఒక్క కోణంలోనే పరిశీలించాను. వేర్వేరు ఇళ్ళ నుంచి వచ్చిన కుక్కలు ఒకే గాలి పీలుస్తూ, ఒకే నేలను వాసన చూస్తూ, ఒకదాని మూతి మరొకటి నాకుతూ గడిపే చోట ఒకదాని జబ్బు ఇంకొకదానికి అంటకుండా వీళ్ళు ఏం చేస్తున్నారన్నదే ఆ కోణం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టీకాల పరిశీలనలోనూ, నేల శుభ్రతలోనూ, అన్నిటికంటే ముఖ్యంగా ‘ఈ రోజు మీ కుక్కను తీసుకోలేము’ అని మొహమాటం లేకుండా చెప్పడంలోనూ ఈ కేంద్రం చాలా బాగుంది. రాత్రి బస గదుల్లో గాలి విషయంలోనూ, జబ్బుపడిన కుక్కను విడిగా ఉంచే గది విషయంలోనూ మాత్రం ఇంకా చేయవలసింది ఉంది.

చేర్చుకునే ముందు టీకా కార్డు అందరూ అడుగుతారు. కార్డు ఉందని చూసి, ఒక ఫొటో తీసుకుని, కుక్కను లోపలికి పంపేసే కేంద్రాలే ఎక్కువ. ఇక్కడ కౌంటర్‌లో కూర్చున్నవారు కార్డులోని తేదీలను ఒక్కొక్కటిగా చదువుతారు. డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ అనే వైరస్ జబ్బులకూ, రేబిస్‌కూ టీకాలు లేకుండా ఏ కుక్కకూ ప్రవేశం లేదు. వీటికి తోడు ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కూ, దగ్గు తెప్పించే బోర్డెటెల్లా, పారాఇన్‌ఫ్లుయెంజాలకూ టీకాలు కావాలంటారు. ఇంట్లో ఒంటరిగా పెరిగే కుక్కకు ఈ చివరి మూడింటిలో కొన్ని అవసరమా కాదా అన్నది పశువైద్యుడు ఆ కుక్క జీవనవిధానాన్ని బట్టి నిర్ణయిస్తారు కానీ, నలుగురిలో తిరిగే కుక్క విషయంలో ఆ చర్చకు పెద్దగా తావు లేదు.

పిల్లకుక్కల దగ్గర వీళ్ళ పట్టుదల నాకు బాగా నచ్చింది. ఒకాయన మూడు నెలల పిల్లను చంకన పెట్టుకుని వచ్చి, “రెండు సూదులు పడ్డాయి కదండీ, ఇంకా భయమేమిటి?” అని వాదించడం నా ఎదుటే జరిగింది. “పడిన సూది పనిచేసిందో లేదో పైకి తెలియదు సార్. పదహారు వారాలు నిండాక వేసే డోసు పడనివ్వండి, ఆ తరువాత రెండు వారాలు ఆగి తీసుకురండి” అని కౌంటర్‌లోని అమ్మాయి చెప్పింది. ఆయన విసుక్కుంటూ వెళ్ళిపోయారు గానీ, ఆమె చెప్పిన మాట అక్షరాలా నిజం. తల్లి నుంచి, ముఖ్యంగా ముర్రుపాల ద్వారా, పిల్లకు అందిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కొన్ని వారాల పాటు దాన్ని కాపాడుతూనే, వేసిన టీకాను కూడా పనిచేయనివ్వకుండా అడ్డుకుంటాయి. ఆ ప్రతిరక్షకాలు ఒక పిల్లలో ఎనిమిది వారాలకే తగ్గిపోవచ్చు, దాని తోబుట్టువులో పద్నాలుగు వారాల దాకా నిలవవచ్చు. అవి జబ్బును ఆపలేనంతగా తగ్గి, టీకాను మాత్రం ఇంకా ఆపగలిగినంతగా మిగిలి ఉండే ఒక ప్రమాదకరమైన దశ ప్రతి పిల్లకూ ఉంటుంది. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాల ఎడంతో, 16 వారాలు నిండేదాకా డోసులు వేస్తూ పోవడానికి కారణం ఇదే. మొదటి సూదులు పనిచేయకపోయినా చివరిది పనిచేస్తుందన్న ధైర్యంతో ఈ వరుసను రూపొందించారు. కాబట్టి మధ్యలో ఎన్ని పడ్డాయన్న లెక్క కంటే చివరిది ఏ వయసులో పడిందన్నదే ముఖ్యం.

ఈ నియమానికి ఒక నష్టం లేకపోలేదు. పిల్లకుక్క మనుషులకూ, తోటి కుక్కలకూ, కొత్త చోట్లకూ అలవాటు పడవలసిన కీలకమైన వయసు దాదాపు 3 నుంచి 14 వారాల లోపే గడిచిపోతుంది. అందుకే మొదటి టీకా పడిన వారం తరువాత చిన్న చిన్న శిక్షణ తరగతులకు తీసుకువెళ్ళవచ్చని ప్రవర్తన నిపుణులైన పశువైద్యులు చెబుతారు. ఆ మాట పట్టుకుని డేకేర్‌ను తప్పుపట్టేవారు ఉన్నారు. శిక్షణ తరగతి వేరు, డేకేర్ వేరు. ఒక గంట సేపు, కడగడానికి వీలైన నేల మీద, ఒకే ఈడు పిల్లలు నాలుగైదు కలవడానికీ, రోజంతా రకరకాల వయసుల కుక్కలు వచ్చిపోయే చోట ఉండడానికీ ప్రమాదంలో చాలా తేడా ఉంది. ఈ కేంద్రంవారు పిల్లల కోసం విడిగా అలాంటి తరగతి నడిపితే బాగుంటుందని నేను సూచించాను. ప్రస్తుతానికి అది లేదు.

బోర్డెటెల్లా టీకా విషయంలో మనవాళ్ళు చేసే హడావిడి అందరికీ తెలిసిందే. ప్రయాణం రేపనగా ఈ రోజు పరుగెత్తి టీకా వేయించి, తడి ఆరని కార్డుతో కుక్కను అప్పగిస్తుంటారు. ముక్కులో చుక్కలుగా వేసే టీకాకు రక్షణ మొదలు కావడానికి మూడు రోజులు సరిపోవచ్చు. చర్మం కింద ఇచ్చే సూది అయితే, అంతకుముందు ఎన్నడూ వేయించని కుక్కకు 2 నుంచి 4 వారాల ఎడంతో రెండు డోసులు పడాలి, రెండోది పడ్డాక కూడా కొన్ని రోజులు ఆగాలి. ఈ కేంద్రం ఏ రకం టీకా వేశారో అడిగి, దాన్ని బట్టి తేదీ ఇస్తుంది. ముక్కులో చుక్కలు వేసిన కుక్కను ఒక వారం పాటు రానివ్వదు కూడా. ఆ టీకాలో ఉండేది బలహీనపరిచిన సజీవ సూక్ష్మజీవి కాబట్టి కొన్ని కుక్కలకు కొద్ది రోజులు తుమ్ములు, చిన్న దగ్గు వస్తాయి. అలాంటి కుక్క గుంపులో దగ్గితే అది టీకా దగ్గో, నిజమైన దగ్గో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఇంత వివరంగా ఆలోచించే చోటు నాకు ఇంతకు ముందు తారసపడలేదు.

టీకా గడువు దాటిన పెద్ద కుక్కలకు రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష చేయించి తెస్తే ఒప్పుకుంటారా అని కూడా అడిగాను. డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్‌లకు ఒప్పుకుంటామని, బోర్డెటెల్లాకూ లెప్టోస్పైరోసిస్‌కూ ఒప్పుకోమని చెప్పారు. ఇది సరైన సమాధానం. మొదటి మూడింటి విషయంలో రక్తంలో ప్రతిరక్షకాలు ఉంటే రక్షణ ఉన్నట్టే భావించవచ్చు. తక్కిన రెండింటికీ ఆ పరీక్ష ఫలితం కుక్క రక్షణలో ఉందో లేదో చెప్పలేదు, పైగా వాటి టీకా ప్రభావం తక్కువ కాలమే ఉంటుంది కాబట్టి ఏటా వేయించవలసిందే. రేబిస్‌కు చట్టం అడిగేది టీకానే కాబట్టి అక్కడ ఏ పరీక్షనూ లెక్కలోకి తీసుకోరు.

చేరిక పత్రంలో ఒక వాక్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. ‘అన్ని టీకాలూ వేయించిన కుక్కకు కూడా ఇక్కడ దగ్గు అంటుకునే అవకాశం ఉంది’ అని పెద్ద అక్షరాల్లో రాసి, దాని కింద సంతకం చేయించుకుంటారు. బాధ్యత తప్పించుకునే ఎత్తుగడగా దీన్ని కొట్టిపారేయవచ్చు; నేను మాత్రం నిజాయితీగానే తీసుకున్నాను. కెన్నెల్ కాఫ్ అని మనం పిలిచేది ఒక్క సూక్ష్మజీవి పని కాదు. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్, రెండో రకం అడినోవైరస్, కుక్కల శ్వాసకోశ కరోనావైరస్, మైకోప్లాస్మా, కొన్నిచోట్ల కుక్కల ఫ్లూ, ఇవన్నీ విడివిడిగానో, రెండు మూడు కలిసో దగ్గు తెప్పిస్తాయి. వీటిలో కొన్నిటికి టీకానే లేదు. ఉన్న టీకాలు కూడా జబ్బు తీవ్రతను తగ్గిస్తాయే తప్ప అంటుకోవడాన్ని పూర్తిగా ఆపవు. పార్వో, డిస్టెంపర్ టీకాలు ఇచ్చే గట్టి రక్షణను చూసి దగ్గు టీకా నుంచి కూడా అంతే ఆశించేవారు తరువాత డేకేర్ మీద కోపగించుకుంటారు.

ఫ్లూ విషయం ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. గుర్రాల నుంచి కుక్కలకు వచ్చిన హెచ్3ఎన్8 రకాన్ని 2004లో అమెరికాలోని ఫ్లోరిడాలో పందెపు గ్రేహౌండ్‌లలో గుర్తించారు. పక్షుల మూలం గల హెచ్3ఎన్2 రకం ఆసియాలో మొదలై 2015లో షికాగోలో పెద్ద ఎత్తున ప్రబలింది. అది తిరుగుతున్న ప్రాంతాల్లో దాని టీకా రెండు డోసులూ పడ్డాకే డేకేర్ మాట ఎత్తాలి. ఆ రెండో రకం సోకిన కుక్క మూడు వారాల పైబడి వైరస్‌ను వదులుతూ ఉండగలదు కాబట్టి, దగ్గు తగ్గింది కదా అని వారానికే తిరిగి తీసుకురావడం కుదరదు.

ఇక రోజువారీ వ్యవహారం. ప్రతి ఉదయం గేటు దగ్గరే, మెడపట్టీ తీయకముందే, కుక్కను చూస్తారు. కళ్ళ పుసులు, ముక్కు కారడం, నడక, తోక కింద జుట్టు అంటుకుని ఉందా లేదా, చెవుల వెనుకా వేళ్ళ మధ్యా పిడుదులున్నాయా అన్నవి ఒకరు చూస్తుంటే, నిన్నటి నుంచి తిండి ఎలా తింది, విరేచనం ఎలా ఉంది, రాత్రి దగ్గిందా అని మరొకరు అడుగుతారు. పని మీద పరుగెత్తేవారికి ఇది చిరాకుగానే ఉంటుంది. ఒకసారి మా కుక్కకు రాత్రి పలచగా అయిందని నేను చెప్పగానే, “ఈ రోజు వద్దండి. గట్టిపడి ఒక రోజంతా గడిచాక తీసుకురండి, ముందు ఒకసారి మలపరీక్ష చేయించండి” అని అక్కడికక్కడే వెనక్కి పంపారు. ఆ రోజు డబ్బు తీసుకోలేదు. ఈ చివరి విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ నివారణలో దీని పాత్ర పెద్దది. వెనక్కి పంపినా రుసుము కట్టవలసిందే అన్నచోట యజమాని నిజం చెప్పడు. పలచని విరేచనాన్ని దాచిపెట్టి కుక్కను లోపలికి తోస్తాడు. నిజం చెప్పినవాడికి నష్టం లేకుండా చూడడం ఏ క్రిమిసంహారక మందు కంటే తక్కువ పని చేయదు.

నేల శుభ్రం చేసే తీరును కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బోర్డింగ్ కేంద్రాల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఒక కుక్కపిల్ల మూలన పలచగా వెళ్ళినప్పుడు ఆయా చేసిన పనిని నేను గాజు తలుపు అవతల నుంచి చూశాను. ముందుగా ఆ మూలకు అడ్డుగా ఒక మడత తడిక నిలబెట్టి మిగతా కుక్కలను అవతలి గదికి పంపింది. చేతి తొడుగులు వేసుకుని మలాన్ని కాగితంతో ఎత్తి సంచిలో కట్టింది. తరువాత సబ్బు నీళ్ళతో రుద్ది, నీళ్ళు పోసి కడిగి, ఆ నీటిని రబ్బరు పట్టీతో కాలువలోకి తోసింది. అప్పుడు గానీ బ్లీచింగ్ ద్రావణం సీసా చేతిలోకి తీసుకోలేదు. ద్రావణం పోశాక గోడ గడియారం చూసుకుని, పది నిమిషాలు దాన్ని అలాగే తడిగా ఉంచి, మళ్ళీ కడిగి, పొడిగుడ్డతో ఆరబెట్టింది. వాడిన గుడ్డను బకెట్‌లో ముంచి ఇంకో గదికి పట్టుకుపోలేదు, విడిగా పారేసింది.

ఆ వరుసలో ప్రతి మెట్టుకూ కారణం ఉంది. మలం, జుట్టు, మట్టి మిగిలి ఉన్న నేల మీద బ్లీచింగ్ పోస్తే దాని శక్తి ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవులకు మిగలదు. మూత్రం మీద నేరుగా పోస్తే అందులోని అమోనియాతో కలిసి కళ్ళనూ గొంతునూ మండించే వాయువు వస్తుంది; దగ్గు సమస్య ఉన్న గదిలో అది మరీ చేటు. పార్వో వైరస్‌కు కొవ్వు పొర ఉండదు కాబట్టి సబ్బుకూ, స్పిరిట్‌కూ, నేల తుడిచే మామూలు సువాసన ద్రవాలకూ అది లొంగదు, నీడగా ఉన్న చోట నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతుకుతుంది. 1978 ప్రాంతంలో తొలిసారిగా గుర్తించిన ఈ వైరస్ కొద్ది కాలంలోనే ప్రపంచమంతా వ్యాపించడానికి ఈ మొండితనం కూడా ఒక కారణం. దాన్ని చంపడానికి 5 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు 32 వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. శక్తిమంతం చేసిన హైడ్రోజన్ పెరాక్సైడ్ మందులు, పొటాషియం పెరాక్సీమోనోసల్ఫేట్ పొడి కూడా ఈ పనికి సరిపోతాయి. కలిపిన బ్లీచింగ్ నీళ్ళు వెలుతురులో బలం కోల్పోతాయి కాబట్టి ఏ రోజుకు ఆ రోజే కలుపుకోవాలి. ఇక్కడి ప్రతి సీసా మీదా కలిపిన తేదీ రాసి ఉండడం గమనించాను. అలాగే గేటు దగ్గర చేతులకు రాసుకునే స్పిరిట్ సీసాతో పాటు సబ్బూ నీళ్ళూ పెట్టారు. పార్వోను స్పిరిట్ చంపలేదు, సబ్బుతో రుద్ది నీళ్ళతో కడిగితే చేతి మీద నుంచి కొట్టుకుపోతుంది.

బ్లీచింగ్ అన్నిటికీ మందు కాదని కూడా వీళ్ళకు తెలుసు. విరేచనాలు తెప్పించే జియార్డియా అనే పేగు పరాన్నజీవి తిత్తులు క్లోరిన్‌కు అంత తేలికగా చావవు. కానీ ఎండకూ, పొడితనానికీ త్వరగా చస్తాయి, క్వాటర్నరీ అమ్మోనియం అనే రకం క్రిమిసంహారక మందులకు కూడా లొంగుతాయి. అందుకే చివర నేలను ఆరబెట్టడం అలంకారం కోసం చేసే పని కాదు. జియార్డియాలో ఇంకో చిక్కు ఏమిటంటే, మలంతో బయటపడిన తిత్తి ఆ క్షణం నుంచే ఇంకో కుక్కకు అంటగలదు, తోక కింది జుట్టుకు అతుక్కుని ఉండి, మందు వేసి నయం చేసిన కుక్కకే తిరిగి అంటుకుంటుంది. చికిత్స చివరి రోజున స్నానం చేయించి తీసుకురమ్మని వీళ్ళు అడగడం వెనుక ఈ లెక్క ఉంది. ఏలికపాముల గుడ్లు ఇందుకు భిన్నం. అవి మలంతో బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. అంటే మలాన్ని ఏ పూటకు ఆ పూట ఎత్తేస్తే ఆ బెడద దాదాపుగా తీరినట్టే, కానీ ఒకసారి మట్టిలో కలిస్తే ఆ గుడ్లు ఏళ్ళ తరబడి ఉంటాయి, మనుషుల పిల్లలకు కూడా ప్రమాదం.

ఇక్కడే నాకు మొదటి అసంతృప్తి. బయట పచ్చిగడ్డి మైదానం ఒకటి ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఫొటోలన్నీ అక్కడే తీస్తారు. గడ్డినీ మట్టినీ ఎవరూ క్రిమిరహితం చేయలేరు. ఎండ తగలడం, మలం వెంటనే ఎత్తడం, నీళ్ళు నిలవకుండా చూడడం తప్ప మార్గం లేదు. మలం ఎత్తే విషయంలో వంక పెట్టడానికి లేదు గానీ, మైదానం ఒక చివర నేల పల్లంగా ఉండి వాన పడితే నీళ్ళు నిలుస్తున్నాయి. లెప్టోస్పైరా బ్యాక్టీరియాకు అంతకంటే అనువైన చోటు లేదు. ఎలుకల మూత్రం, జబ్బుపడిన కుక్కల మూత్రం ఆ నీటిలో కలిస్తే వారాల తరబడి అక్కడే బతుకుతుంది, కుక్కకు నోటి ద్వారానో, చర్మం మీది గీతల ద్వారానో ఎక్కుతుంది, కిడ్నీలనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది, మనుషులకు కూడా సోకుతుంది. 2021లో అమెరికాలోని లాస్ ఏంజలెస్ కౌంటీలో కుక్కల్లో ఈ జబ్బు ప్రబలినప్పుడు, సోకిన కుక్కల్లో చాలావాటికి బోర్డింగ్, డేకేర్ కేంద్రాలతో సంబంధం ఉన్నట్టు తేలింది. టీకా తప్పనిసరి చేసినవారు ఆ పల్లాన్ని మట్టితో ఎత్తు చేయడానికి ఎందుకు ఆలస్యం చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. వాన వెలిసిన రోజుల్లో కుక్కలను అటు వదలడం లేదని సమాధానమిచ్చారు. అది తాత్కాలిక ఉపాయమే.

గాలి విషయంలో పగటికీ రాత్రికీ తేడా ఉంది. పగటి ఆట గదుల్లో ఎత్తైన కప్పు, రెండు వైపులా కిటికీలు, గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు ఉన్నాయి. కుక్కలను పరిమాణాన్నీ స్వభావాన్నీ బట్టి చిన్న జట్లుగా చేసి, రోజూ అవే కుక్కలు ఆ జట్టులో ఉండేలా చూస్తారు. జట్టు మారకపోవడం వల్ల ఒక చోట దగ్గు మొదలైతే అది ఎన్నింటికి పాకే వీలుందో ముందే తెలుస్తుంది. రాత్రి బస గదులు అలా లేవు. కప్పు కిందికి ఉంది, ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, గదిలో అడుగుపెట్టగానే మూత్రపు ఘాటు తగులుతుంది. జంతువులను గుంపుగా ఉంచే గదుల్లో గంటకు 10 నుంచి 20 సార్లు గాలి పూర్తిగా మారాలన్నది షెల్టర్ వైద్యంలో, అంటే జంతు ఆశ్రయ కేంద్రాల కోసం ఏర్పడిన పశువైద్యంలో, చెప్పే ప్రమాణం. ఆ ఘాటే ఇక్కడ అది జరగడం లేదనడానికి సాక్ష్యం. దగ్గు తుంపరలు ఎక్కువసేపు ఒకే గాలిలో ఉండేది రాత్రిపూటే, ఇల్లు వదిలి వచ్చిన దిగులుతో కుక్క నిద్రా తిండీ తగ్గి బలహీనపడేదీ అప్పుడే. సెలవుల రోజుల్లో గదులన్నీ నిండిపోయినప్పుడు ఈ లోపం మరింత బరువవుతుంది. నేను బోర్డింగ్‌కు ఇచ్చే మార్కులు డేకేర్‌కు ఇచ్చే వాటికంటే తక్కువ కావడానికి ఇదే కారణం.

ఏ కేంద్రమైనా పరీక్షకు నిలబడేది లోపల ఒక కుక్క దగ్గిన రోజున. మా కుక్క జట్టులోనే అది జరిగింది. బాతు అరిచినట్టు పొడి దగ్గు, దాని చివర వాంతి వచ్చినట్టు ఓకరింపు, కాస్త తెల్లటి నురగ, ఆ తరువాత ఏమీ జరగనట్టు మళ్ళీ ఆట. గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని ఇంటి దగ్గర చాలామంది పొరబడేది దీన్ని చూసే. ఇక్కడి ఆయా పొరబడలేదు. ఆ కుక్కను వెంటనే వేరుచేసి, ఆ జట్టు వాడిన నీళ్ళ గిన్నెలూ బొమ్మలూ తీసేసి, జట్టును ఇతర జట్లతో కలపకుండా ఆపారు. గంట తిరగకముందే ఆ జట్టులోని కుక్కల యజమానులందరికీ సందేశం వచ్చింది. ఏ కుక్క అన్నది చెప్పలేదు. ఏ లక్షణం ఎప్పుడు కనిపించింది, ఏ జబ్బు అని అనుమానిస్తున్నారు, మా కుక్కల్లో రెండు వారాల పాటు ఏం గమనించాలి, దగ్గు కనిపిస్తే ముందు ఫోన్ చేసి ఆ తరువాతే ఆసుపత్రికి ఎందుకు వెళ్ళాలి అన్నవి స్పష్టంగా రాశారు. ఆ చివరి సూచన ఎంతో విలువైనది. దగ్గే కుక్కను నేరుగా ఆసుపత్రి వరండాలో కూర్చోబెడితే అక్కడున్న జబ్బు కుక్కలన్నిటికీ అంటించినట్టే; ముందుగా చెబితే డాక్టర్లు కారు దగ్గరికే వచ్చి చూసే ఏర్పాటు చేసుకోగలరు.

ఇంతకు ముందు మేము వాడిన ఒక కేంద్రంలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరిగింది. దగ్గు పాకుతోందని తెలిసి కూడా వాళ్ళు ఎవరికీ చెప్పలేదు; అడిగితే వాతావరణం మారింది కదా అన్నారు. పరిచయస్తుల ద్వారా విషయం తెలిసేసరికి మా కుక్క దగ్గుతోంది, అది మా వీధిలోని ముసలి కుక్కకు అప్పటికే అంటుకుంది. జబ్బు రావడాన్ని నేను ఏ కేంద్రానికీ తప్పుగా ఎంచను. దాన్ని దాచడాన్ని మాత్రం క్షమించలేను. బోర్డెటెల్లా సోకిన కుక్కలో లక్షణాలు కనిపించడానికి 2 నుంచి 14 రోజులు పట్టవచ్చు, పైకి బాగున్నట్టు కనిపించాక కూడా అది వారాల తరబడి సూక్ష్మజీవులను వదలవచ్చు. ఆ వ్యవధిలో యజమాని చేతిలో ఉన్న ఆయుధం సమాచారం ఒక్కటే.

దగ్గిన కుక్కను ఉంచిన గది గురించి నా రెండో ఫిర్యాదు. గది విడిగానే ఉంది, దానికి వేరే ఏప్రాన్లు, చెప్పులు, గిన్నెలు, చీపురు ఉన్నాయి, అందులో పనిని అన్ని గదుల పనీ అయ్యాక చివరన చేస్తారు. ఇంతవరకు శాస్త్రోక్తం. కానీ ఆ గది తలుపు రాత్రి బస గదులున్న నడవాలోకే తెరుచుకుంటుంది, గాలి కూడా ఆ నడవాతో కలిసే ఉంది. పార్వో లాంటి మలం ద్వారా పాకే జబ్బుకు ఈ ఏర్పాటు చాలవచ్చు, గాలిలో పాకే దగ్గుకు చాలదు. బయటి గోడకు ఒక తలుపూ, గాలిని నేరుగా బయటికి పంపే ఒక ఫ్యానూ పెడితే తీరే సమస్య ఇది. గుమ్మం ముందు మందు నీళ్ళ పళ్ళెం పెట్టి అందులో చెప్పులు ముంచి నడుస్తున్నారు. మట్టి పడి మురికైన పళ్ళెం నీళ్ళకు పెద్దగా శక్తి ఉండదు కాబట్టి, దాని బదులు విడి చెప్పుల మీదే ఆధారపడడం మంచిదని నా ఉద్దేశం.

చర్మానికి సంబంధించినవి త్వరగా ముగిస్తాను. పిడుదులకూ ఫ్లీలకూ మందు వాడుతున్నట్టు రుజువు అడుగుతారు, గజ్జి అనుమానం ఉంటే డాక్టర్ చీటీ లేకుండా తిరిగి రానివ్వరు. తామర విషయంలో కూడా అంతే, ఎందుకంటే దాని బీజాలు రాలిన వెంట్రుకల మీద ఏడాదికి పైగా బతకగలవు, మనకూ అంటుతాయి. కుర్ర కుక్కల నోట్లో కాలీఫ్లవర్‌లా మొలిచే పులిపిర్లు చాలావరకు కొన్ని నెలల్లో వాటంతట అవే రాలిపోతాయి, అయినా అవి పూర్తిగా పోయేదాకా వీళ్ళు రానివ్వరు. మా పొరుగువారి కుక్క అలా చాలాకాలం ఇంట్లోనే ఉండిపోయింది. కాస్త అతి అనిపించినా, అంటుకున్న ఒకటి రెండు నెలల తరువాత గానీ బయటపడని జబ్బుకు వేరే గట్టి నియమం ఏం పెడతారో నేనైతే చెప్పలేను.

ఈ సేవ ఎవరికి తగదో కూడా చెప్పాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న కుక్కను, గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బున్న ముసలి కుక్కను, శ్వాసకు ముందే ఇబ్బంది పడే పొట్టి ముక్కు జాతుల్ని ఇలాంటి గుంపులో ఎంత మంచి కేంద్రంలోనైనా వదలకపోవడమే మేలు. మామూలు కుక్కకు రెండు వారాల్లో తగ్గే దగ్గు వాటికి న్యుమోనియాగా మారవచ్చు. వాటికి ఇంటికి వచ్చి చూసుకునే మనిషి దొరికితే అది మెరుగైన దారి.

మా కుక్క ఆరోగ్యంగా, మధ్యవయసులో ఉంది కాబట్టి పగటి డేకేర్‌ను కొనసాగిస్తున్నాము. బోర్డింగ్‌ను మాత్రం రద్దీ లేని రోజుల్లోనే వాడుతున్నాము, అది కూడా కిటికీ పక్క గది ఖాళీగా ఉంటేనే. రాత్రి గదులకు గాలి ఫ్యాన్లు, విడి గదికి బయటి తలుపు పెట్టే పని ఈసారి మరమ్మతుల్లో చేరుస్తామని నిర్వాహకులు చెప్పారు; అది పూర్తయితే బోర్డింగ్ మార్కులను మళ్ళీ చూస్తాను.